అరుపూ అదుపూ: జాన్ లెనన్ 1970 ఆల్బమ్ ఎందుకు నిలిచింది

1970 డిసెంబరు 11న విడుదలైన 'జాన్ లెనన్/ప్లాస్టిక్ ఓనో బ్యాండ్' ఆల్బమ్ గురించి ఎవరు రాసినా మొదట అందులోని అరుపుల గురించే రాస్తారు. తల్లి చావు, తండ్రి నిర్లక్ష్యం, తన బృందం బీటిల్స్ చీలిక, కాలిఫోర్నియాలో చేయించుకున్న మానసిక చికిత్స, ఇవన్నీ వరసగా చెప్పి, తన లోపలి గాయాన్ని ఇంత పచ్చిగా బయటపెట్టిన రాక్ గాయకుడు అంతకుముందు లేడని తీర్పు ఇచ్చి ఊరుకుంటారు. ఆ చెప్పినదాంట్లో తప్పేమీ లేదు గానీ ఒక చిక్కు మిగిలిపోతుంది. గాయాన్ని బయటపెట్టే గాయకులకు ఆ తర్వాతి అర్ధశతాబ్దంలో ఏ లోటూ రాలేదు. వాళ్ల ఆల్బమ్‌లలో చాలావాటిని ఇప్పుడు తలచుకునేవారు లేరు. పచ్చిదనం ఒక్కటే పాటను నిలబెట్టగలిగితే వాటికీ ఈ ఆయుష్షు దక్కి ఉండాలి కదా. నేను వాదించదలచినది ఇదీ: లెనన్ ఆల్బమ్‌కు ఇంత ఆయుష్షు వచ్చింది అరుపు ఎక్కడ మొదలవ్వాలో, దాని చుట్టూ ఏమేమి తీసేయాలో తెలిసిన పనితనం వల్ల. తర్వాతివాళ్లు ఎక్కువగా అరుపును అందిపుచ్చుకున్నారు. పనితనం జోలికి వెళ్లినవాళ్లు తక్కువ.

ఆ ఏడాది సంగతులు క్లుప్తంగా చెప్పుకుందాం. ఏప్రిల్ 10న బృందంలోని తోటి సభ్యుడు పాల్ మెకార్ట్‌నీ వైపునుంచి వచ్చిన ప్రకటనతో బీటిల్స్ ఇక లేరని లోకానికి తెలిసింది. దాదాపు అదే సమయంలో ఆర్థర్ జానోవ్ అనే అమెరికన్ మనస్తత్వ చికిత్సకుడు రాసిన 'ది ప్రైమల్ స్క్రీమ్' అనే పుస్తకం లెనన్ చేతికి అందింది. పసితనంలో తీరకుండా పోయిన అవసరాల బాధ మనిషిలో పేరుకుపోయి ఉంటుందనీ, దాన్ని మళ్లీ అనుభవించి, ఏడ్చి, గొంతెత్తి అరిచి బయటికి పంపితే తప్ప మనిషి బాగుపడడనీ జానోవ్ సిద్ధాంతం. జానోవ్ మొదట ఇంగ్లండులో లెనన్ ఇంటికే వచ్చాడు. తర్వాత లెనన్, అతని భార్య యోకో ఓనో కాలిఫోర్నియా వెళ్లి కొన్ని నెలలపాటు ఆయన దగ్గర చికిత్స తీసుకున్నారు. అది పూర్తికాకుండానే తిరిగివచ్చిన లెనన్, సెప్టెంబరు చివర లండన్‌లోని అబీ రోడ్ స్టూడియోలో రికార్డింగు మొదలుపెట్టి అక్టోబరులో ముగించాడు.

అతని బాల్యం తెలియకపోతే ఈ పాటలు అర్థం కావని చాలామంది అంటారు. నాకు అలా అనిపించదు గానీ, తెలిసి వినడం వల్ల నష్టమేమీ లేదు. తండ్రి ఆల్ఫ్రెడ్ ఓడల మీద పనిచేసేవాడు. కొడుకు చిన్నతనంలో ఎక్కువ కాలం ఇంట్లో లేడు, తర్వాత పూర్తిగా కనుమరుగై, ఆ కొడుకు లోకప్రసిద్ధుడయ్యాకనే మళ్లీ ప్రత్యక్షమయ్యాడు. తల్లి జూలియా మరొకరితో కాపురం పెట్టడంతో జాన్‌ను లివర్‌పూల్‌లోని మెన్‌లవ్ అవెన్యూలో పెద్దమ్మ మిమీ పెంచింది. యౌవనంలోకి అడుగుపెట్టే వేళ తల్లీకొడుకులు మళ్లీ దగ్గరయ్యారు. బాంజో పట్టుకుని అతనికి మొదట సంగీతం నేర్పింది ఆవిడే. 1958 జులై 15న మిమీ ఇంటినుంచి బయలుదేరి రోడ్డు దాటుతుండగా, డ్యూటీలో లేని ఒక పోలీసు నడుపుతున్న కారు గుద్దడంతో జూలియా చనిపోయింది. లెనన్‌కు అప్పుడు 17 ఏళ్లు.

ఆల్బమ్‌లో మొదటి పాట 'మదర్'. ముందుగా చావుగంట నాలుగుసార్లు మోగుతుంది. రికార్డయిన గంట మోతను వేగం తగ్గించి వినిపించడం వల్ల అది మామూలు చర్చి గంట కన్నా లోతుగా, బరువుగా ఉంటుంది. ఆ వెంటనే ఏ ఉపోద్ఘాతమూ లేకుండా 'అమ్మా' అన్న పిలుపుతో పాట మొదలైపోతుంది. వాద్యాలు మూడే: లెనన్ పియానో, క్లౌస్ ఫోర్మన్ బేస్ గిటార్, బీటిల్స్‌లో తోటివాడు రింగో స్టార్ డ్రమ్స్. లెనన్ ఒక్కో కార్డ్‌ను, అంటే ఒకేసారి మోగే స్వరాల గుంపును, గట్టిగా నొక్కి, అది దానంతటదే తగ్గేదాకా వదిలేస్తాడు. బేస్‌లో అలంకారాలు లేవు. రింగో నెమ్మదిగా, ఇంచుమించు ఊరేగింపు నడకలాంటి దరువు పట్టుకుని దాన్ని చివరిదాకా విడవడు. మొదటి చరణం తల్లికి: నువ్వు నన్ను కన్నావు, నాకు మాత్రం నువ్వు దక్కలేదు. రెండోది తండ్రికి: నువ్వు నన్ను వదిలేశావు, నేను నిన్ను వదల్లేకపోయాను. మూడోది పిల్లలకు: నేను చేసినట్టు మీరు చేయకండి. ప్రతి చరణం చివరా వీడ్కోలు మాట ఉంటుంది.

ఇంతవరకూ అరుపే లేదని గమనించాలి. మూడు చరణాలూ గొంతు అదుపులోనే ఉంటుంది. ఆ తర్వాతే, అమ్మా వెళ్లకు, నాన్నా ఇంటికి రా అన్న రెండు ముక్కలు మళ్లీ మళ్లీ వస్తాయి. మొదటిసారి అది మామూలు పాట. మరొకసారికి మాట చివర కొంచెం సాగుతుంది. ఆ తర్వాత ఒక్కో పునరుక్తికీ గొంతు ఒక్కో మెట్టు ఎక్కుతూ, స్వరం చిరిగి, మాటలు అరుపులో కలిసిపోతాయి. ఇక్కడే నాకు అసలు పనితనం కనిపిస్తుంది: గొంతు అంత ఎత్తుకు వెళ్తున్నా వాద్యాలు దానితోపాటు వెళ్లవు. రింగో దరువు మొదటి చరణంలో ఎలా ఉందో అలాగే ఉంటుంది, పియానో కార్డ్‌లు అవే, వేగమూ అదే. మరే నిర్మాతయినా ఈ చోట వయొలిన్లు దింపేవాడు, డ్రమ్స్‌ను హోరెత్తించేవాడు, వెనక బృందగానం పెట్టేవాడు. అప్పుడు వినేవాళ్లకు ఏం అనిపించాలో సంగీతమే చెప్పేసి ఉండేది. ఇక్కడ ఆ సాయం లేదు. ఒక మనిషి అలా అరుస్తుంటే పక్కనున్న ముగ్గురిలో ఎవరూ కదలనట్టు ఉంటుంది, పైగా ఆ ముగ్గురిలో పియానో ముందున్నది అరుస్తున్న ఆ మనిషే. ఒకసారి ఇంట్లో స్పీకర్లో ఇది మోగుతుండగా పక్కగదిలోంచి "ఎవరికి ఏమైంది?" అని కంగారుగా అడిగారు. దీని గురించి నేను చదివిన సమీక్షలలో ఏదీ ఆ ప్రశ్నంత సూటిగా లేదు.

అమెరికాలో ఇదే పాటను సింగిల్‌గా విడుదల చేసినప్పుడు గంటను తీసేసి, చివరి భాగాన్ని ముందే తగ్గించి ముగించారు. అది 43వ స్థానం దాటలేదు. గంటా చివరి భాగమూ పోయాక మిగిలేది చక్కని విషాదగీతం మాత్రమే. అంతకన్నా చక్కనివి రేడియోకు ఎన్నో దొరుకుతాయి.

ఈ బోసితనం చేతకాక వచ్చింది కాదని చెప్పడానికి ఒకే ఒక్క పోలిక చాలు. ఈ ఆల్బమ్‌కు రెండు వారాల ముందు, నవంబరు 27న, మరో బీటిల్ జార్జ్ హారిసన్ ఆల్బమ్ 'ఆల్ థింగ్స్ మస్ట్ పాస్' వచ్చింది. మూడు ఎల్పీ రికార్డుల పెట్టె అది. దానికీ నిర్మాణంలో పాలుపంచుకున్నది లెనన్ ఆల్బమ్ నిర్మాతల్లో ఒకడైన ఫిల్ స్పెక్టరే. దానిలోనూ రింగో, ఫోర్మన్, పియానో వాద్యకారుడు బిల్లీ ప్రెస్టన్ వాయించారు. వాయించినవాళ్లలో ఇంతమంది వాళ్లే, నిర్మాతా ఆయనే, నగరమూ అదే, ఏడాదీ అదే. అయినా హారిసన్ ఆల్బమ్‌లో గిటార్ల మీద గిటార్లు, పియానోల మీద పియానోలు, బాకాలు, తంత్రీవాద్యాలు అన్నీ కలిసి ఒక గోడలా నిలబడతాయి. లెనన్ ఆల్బమ్‌లో గోడే కాదు, కొన్నిచోట్ల పైకప్పు కూడా ఉండదు. స్పెక్టర్ ఈ రికార్డింగులో ఎక్కువ రోజులు కనిపించనేలేదు. రమ్మని పిలుస్తూ బిల్‌బోర్డ్ పత్రికలో ప్రకటన ఇవ్వాల్సి వచ్చిందన్నది సంగీత ప్రియులు ఇప్పటికీ నవ్వుకుంటూ చెప్పుకునే కథ. ఆయన చివరికి వచ్చి 'లవ్' పాటకు పియానో వాయించాడు, అది చాలా సున్నితంగా ఉంది. కానీ ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అన్న ప్రధాన నిర్ణయాలు లెనన్, యోకోలవేనని నా నమ్మకం.

ఇంకొంచెం దగ్గరగా వింటే 'పచ్చి' అన్న మాట వెనక ఎంత తయారీ ఉందో తెలుస్తుంది. లెనన్‌కు తన గొంతు అంటే పడేది కాదు. బీటిల్స్ రోజుల్లో ప్రతి ఇంజనీరునూ దాన్ని ఎలాగోలా మార్చమని వేధించేవాడు. ఒకే గొంతును కృత్రిమంగా రెండింతలు చేసే పద్ధతిని 1966లో అబీ రోడ్ ఇంజనీరు కెన్ టౌన్‌సెండ్ కనిపెట్టడానికి, ఒకే పాటను రెండుసార్లు పాడి కలపడంమీద లెనన్‌కున్న విసుగే ప్రధాన కారణం. అలాంటి మనిషి ఈ ఆల్బమ్‌లో గొంతును ముందుకు తెచ్చి నిలబెట్టాడన్నది నిజమే గానీ, దాన్ని శుద్ధంగా వదిలేయలేదు. చాలా పాటల్లో గొంతు వెనక టేప్ ప్రతిధ్వని ఉంటుంది, 1950ల నాటి రాక్ అండ్ రోల్ రికార్డులలో వినిపించే తరహాది. 'హోల్డ్ ఆన్'లో గిటార్ శబ్దం వణుకుతూ ఉంటుంది, 'ఐ ఫౌండ్ అవుట్'లో బరకబరకగా చీలిపోతుంది. రెండూ ఎంచుకున్న శబ్దాలే. అన్నిటికన్నా విచిత్రం 'వర్కింగ్ క్లాస్ హీరో'. ఒక గొంతు, ఒక గిటార్ తప్ప మరేమీ లేని ఈ పాటను ఒకే బిగిన పాడేశాడని ఎవరైనా అనుకుంటారు. హెడ్‌ఫోన్‌తో వింటే మూడో చరణం దగ్గర గిటార్ నాదమూ గొంతూ రెండూ ఉన్నట్టుండి కొంచెం మారతాయి: వేరే టేకులోని ముక్కను తెచ్చి అతికించారు. ఆల్బమ్‌లో అన్నిటికన్నా నిరాడంబరంగా వినిపించే పాటలోనే కత్తెర పని అందరికీ వినిపించేలా ఉంది. దీన్ని మోసమని నేను అనను. పాట నిజం చెప్పడానికి ఆ చరణం అవసరం, చరణం నిలవడానికి కత్తెర అవసరం.

ఆ పాట విషయంలో ఇంకో ఇబ్బంది ఉంది, దాన్ని దాటవేయకూడదు. శ్రామికవర్గ వీరుడి గురించి పాడిన ఈ మనిషి పెరిగిన ఇల్లు కాస్త మర్యాదస్థుల వీధిలోనిది. బీటిల్స్ నలుగురిలో నిజంగా పేదరికం చూసినవాడు రింగో. పాట రికార్డు చేసేనాటికి లెనన్ టిటెన్‌హర్స్ట్ పార్క్ అనే 72 ఎకరాల ఎస్టేటులో ఉంటున్నాడు. ఇదంతా తెలిసి కూడా పాట నా మీద పనిచేస్తుంది. అందులో వీరుడి గొప్పతనం లేదు. బడి, ఇల్లు, మతం, టీవీ కలిసి ఒక పిల్లవాణ్ణి ఎలా వంచుతాయో, వంగినవాడు తాను స్వేచ్ఛగా ఉన్నానని ఎలా అనుకుంటాడో చెప్పే చల్లని కోపం ఉంది. రెండుసార్లు వచ్చే ఒక బూతుమాటను ఆల్బమ్‌తో ఇచ్చిన సాహిత్యపు కాగితంలో అచ్చువేయడానికి రికార్డు సంస్థ ఈఎంఐ ఒప్పుకోలేదు. 1973లో వాషింగ్టన్‌లోని ఒక విశ్వవిద్యాలయపు రేడియో దీన్ని ప్రసారం చేస్తే ఒక కాంగ్రెస్ సభ్యుడు ప్రభుత్వ నియంత్రణ సంస్థకు ఫిర్యాదు చేశాడు. పాటలోని అసలు ఆరోపణలను వదిలేసి ఆ ఒక్క మాటను పట్టుకోవడం చూస్తే, లెనన్ చెప్పిన వ్యవస్థ ఎలా పనిచేస్తుందో ఆ ఫిర్యాదే చూపించినట్టుంది.

ఇక 'గాడ్'. మనం బాధను కొలుచుకోవడానికి వాడే భావనే దేవుడు అన్న ప్రతిపాదనతో మొదలై, దాన్ని మళ్లీ ఒకసారి చెప్పి, ఆపై తాను నమ్మనివాటి జాబితా చదువుతుంది ఈ పాట. మొత్తం 15 పేర్లు: మంత్రవిద్య, చైనీయుల ఈ-చింగ్, బైబిల్, టారో, హిట్లర్, ఏసు, కెనడీ, బుద్ధుడు, మంత్రం, గీత, యోగం, రాజులు, ఎల్విస్, జిమర్‌మన్, చివరగా బీటిల్స్. జిమర్‌మన్ అంటే బాబ్ డిలన్ అసలు ఇంటిపేరు. మంత్రం, గీత, యోగం అన్న మూడూ పక్కపక్కనే రావడం మన చెవికి వెంటనే తగులుతుంది. అది మనవాటి మీద పగతో అన్న మాట అనుకోనక్కర్లేదు. 1968లో రిషికేశ్‌లో మహర్షి మహేశ్ యోగి ఆశ్రమంలో వారాలకొద్దీ ధ్యానం చేసి, నమ్మి, అలిగి వెళ్లిపోయిన మనిషి లెక్క తేల్చుకుంటున్నాడు. 'ఐ ఫౌండ్ అవుట్'లోనూ నీ కళ్లతో చూడగలిగే గురువు ఎవడూ లేడని అంటాడు. అయినా రిషికేశ్ ఈ ఆల్బమ్‌ను పూర్తిగా వదిలిపోలేదు: 'లుక్ ఎట్ మీ'లో వేళ్లతో తీగలు మీటే పద్ధతి అక్కడ తోటి అతిథి, గాయకుడు డొనొవన్ దగ్గర నేర్చుకున్నదే. గురువును తిరస్కరించిన ఆల్బమ్‌లో ఆశ్రమపు వరండాలో నేర్చుకున్న విద్య వినిపిస్తూనే ఉంటుంది.

జాబితాలో ఒక్కో పేరూ కొత్త తీవ్రతతో వస్తుంది, కానీ కార్డ్‌ల వరస మాత్రం గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. 'బీటిల్స్' అన్న మాట దగ్గర సంగీతం ఆగిపోతుంది. ఆ మౌనం తర్వాత చాలా మెల్లగా, నన్ను మాత్రమే నమ్ముతాను, యోకోనూ నన్నూ, అని వస్తుంది. అసలు తమాషా పియానో దగ్గర ఉంది. దాన్ని వాయించినది బిల్లీ ప్రెస్టన్: చిన్నప్పటినుంచి చర్చిలో ఆర్గన్ వాయించి పెరిగినవాడు, 1969లో బీటిల్స్ సొంత రికార్డు సంస్థ ఆపిల్‌నుంచి 'దట్స్ ద వే గాడ్ ప్లాన్డ్ ఇట్' అనే భక్తిగీతంతో పేరు తెచ్చుకున్నవాడు. దేవుణ్ణి కాదనే పాటకు చర్చి పియానో తోడు! విశ్వాసం లేదని చెప్పడానికి విశ్వాసపు సంగీతమే కావాల్సి వచ్చింది. అది యాదృచ్ఛికమని నేను అనుకోను. ఆ నిండైన గాస్పెల్ కార్డ్‌లు కింద లేకపోతే, పైన తిరస్కరిస్తున్నది ఎంత విలువైనదో మనకు తెలిసేది కాదు.

తెలుగు సినిమా పాటలతో పెరిగిన చెవికి ఈ ఆల్బమ్ మొదట కొంత ఇబ్బంది కలిగిస్తుంది. మన పాటలో 'నేను' ఒక పాత్ర. రాసేది ఒకరు, బాణీ కట్టేది మరొకరు, పాడేది ఇంకొకరు, తెరమీద పెదవులు కదిపేది వేరొకరు. దుఃఖం నలుగురి చేతులు మారి మనదాకా వస్తుంది, అందువల్ల దాన్ని హాయిగా అనుభవిస్తాం. తన కష్టాన్ని తన పేరుతోనే పాడుకున్న సంప్రదాయం మనకు లేకపోలేదు. గోల్కొండ చెరసాలలో కంచర్ల గోపన్న సీతమ్మకు, లక్ష్మణుడికి చేయించిన నగల ఖర్చు లెక్కచెప్పి, ఎవడబ్బ సొమ్మని కులుకుతున్నావని రాముణ్ణే నిలదీసి, దెబ్బలు ఓర్వలేక తిట్టానని ఆ పాటలోనే మన్నింపు కోరాడు. ఆ కోపం లెనన్ కోపానికి ఏమాత్రం తీసిపోదు. తేడా ఒక్కటే: రామదాసుకు వినేవాడు ఉన్నాడన్న నమ్మకం ఉంది. లెనన్ పిలిచిన తల్లి లేదు, తండ్రి ఉన్నా పిలుపు అతనికి అందేది కాదు, దేవుణ్ణి పదో పాటలో తానే తోసిపుచ్చాడు. వినేవాళ్లను ఒక్కొక్కరినే తీసేసుకుంటూ వెళ్లిన ఆల్బమ్ ఇది. చివరికి మిగిలిన శ్రోతలం మనం, ఇంతకీ మనల్ని అతను పిలవనేలేదు.

ఒప్పుకోలు అన్నది ఎంత గొప్పదైనా అందులో ఎంపిక ఉంటుంది. నాన్నా ఇంటికి రా అని అరిచిన లెనన్‌కు అప్పటికి ఏడేళ్ల కొడుకు ఉన్నాడు: జూలియన్. 1968లో మొదటి భార్య సింథియాతో విడాకులయ్యాక ఆ పిల్లవాడికీ తండ్రి దూరమయ్యాడు. పెద్దయ్యాక జూలియన్ ఆ సంగతి బహిరంగంగానే చెప్పాడు. తండ్రి ఆల్ఫ్రెడ్ రెండో భార్య రాసిన జ్ఞాపకాల ప్రకారం, సరిగ్గా ఆ అక్టోబరులో, లెనన్ 30వ పుట్టినరోజున తండ్రి ఇంటికి వస్తే తీవ్రంగా బెదిరించి పంపేశాడు. 'మదర్' మూడో చరణంలో పిల్లలకు చేసిన హెచ్చరికను ఈ తప్పుకు నేరస్వీకారంగా తీసుకోవచ్చు, కానీ అది ఎంతో దూరంనుంచి చేసిన స్వీకారం; జూలియన్ పేరు ఆల్బమ్‌లో ఎక్కడా లేదు. దీనివల్ల ఆల్బమ్ విలువ తగ్గిందని నేను అనను. కానీ దాన్ని నిజాయితీకి కొలమానంగా చేసి మాట్లాడేవాళ్లకు ఈ ఖాళీ కనిపించాలి.

అదుపు తప్పిన చోట ఏమవుతుందో కూడా ఈ ఆల్బమ్‌లోనే వినవచ్చు. 'వెల్ వెల్ వెల్' ఆరు నిమిషాల దాకా సాగుతుంది. భార్యతో భోజనం, నడక, విప్లవం గురించి, స్త్రీ విముక్తి గురించి కబుర్లు, మధ్యలో పల్లవి పేరుతో గొంతు చీలేదాకా కేకలు. ఆ కేకలకు మాటలతో సంబంధం కనిపించదు. చాలామంది అభిమానులకు ఇది ఇష్టమని తెలుసు. నాకైతే మొత్తం ఆల్బమ్‌లో కొంచెం బలహీనమైన పాట ఇదే. దీనికి పూర్తిగా ఎదురుగా ఉంటుంది చివరి పాట 'మై మమ్మీస్ డెడ్'. నిమిషం కూడా లేదు. పిల్లల పాట బాణీలాంటిది, చిన్న టేప్ రికార్డరులో రికార్డు చేసిన బొంగురు శబ్దం, ఎత్తూ పల్లమూ లేని గొంతు. 'మదర్' విషయమే ఇదీ, అరుపు మాత్రం లేదు. నాకు రెండూ సమానంగానే తగులుతాయి, అదే నా వాదానికి గట్టి సాక్ష్యం అనుకుంటాను.

ప్రభావం సంగతికి వస్తే, ఒప్పుకోలు పాటలన్నీ ఇక్కడినుంచే పుట్టాయనడం అతిశయోక్తి. అమెరికన్ కవులు పదేళ్ల ముందునుంచే అలాంటి కవిత్వం రాస్తున్నారు. గిటార్ పట్టుకుని సొంత కథ చెప్పే గాయకుల తరం అప్పటికే తయారై ఉంది, జోనీ మిచెల్ 'బ్లూ' మరుసటి ఏడాదే వచ్చింది. లెనన్ తెచ్చిన కొత్తదనం వేరు: లోకంలో అందరికన్నా ప్రసిద్ధులైన నలుగురిలో ఒకడు, ఆ ప్రసిద్ధిని పేరుపెట్టి కూలగొట్టాడు. ఆ దారిలో నడిచినవాళ్లలో కొందరి వారసత్వం స్పష్టంగా ఉంది. మేరియాన్ ఫెయిత్‌ఫుల్ 1979లో 'వర్కింగ్ క్లాస్ హీరో'ను తన అరిగిపోయిన గొంతుతో పాడి కొత్త పాటగా చేసింది. గ్రీన్ డే 2007లో సూడాన్‌లోని దార్ఫూర్ బాధితుల కోసం మానవహక్కుల సంస్థ ఆమ్నెస్టీ తెచ్చిన సంకలనంలో దాన్ని హోరుగా పాడింది. యూటూ 1988లో 'గాడ్ పార్ట్ టూ' అని నేరుగా జవాబే రాసింది. టియర్స్ ఫర్ ఫియర్స్ బృందం తన పేరును సైతం జానోవ్ సిద్ధాంతంనుంచే తీసుకుని, 1983 నాటి తొలి ఆల్బమ్ నిండా పసితనపు బాధే నింపింది, కాకపోతే సింథసైజర్ల మెరుపుతో. వీళ్లలో ఫెయిత్‌ఫుల్ ఒక్కతే నాకు అసలు కిటుకు పట్టుకున్నట్టు కనిపిస్తుంది: ఆమె గొంతు పెంచదు. రోలింగ్ స్టోన్ పత్రిక గొప్ప ఆల్బమ్‌ల జాబితాలో ఇది 2003లో 22వ స్థానంలో ఉండి 2020 నాటికి 85కు జారింది. ఆ జారుడు నన్ను పెద్దగా కలవరపెట్టదు; జాబితా వేసే మనుషులు మారారు, అంతే.

ఆల్బమ్‌ను నిజంగా మరుగుపరచినది లెనన్ తర్వాతి పాటే. 1971లో వచ్చిన 'ఇమాజిన్' ఈ ఆల్బమ్‌లోని తిరస్కారాన్నే, స్వర్గం లేదు, దేశాలు లేవు, మతం లేదు అనుకోమంటూ, మెత్తని పియానో మీద పెట్టి వినిపించింది. ఆ ఏడాది చివర మెలొడీ మేకర్ పత్రికలో మెకార్ట్‌నీకి రాసిన బహిరంగ లేఖలో, 'ఇమాజిన్' అంటే మీలాంటి ఛాందసుల కోసం పంచదార అద్దిన 'వర్కింగ్ క్లాస్ హీరో'యేనని లెననే చెప్పాడు. 1980 డిసెంబరు 8న అతని హత్య తర్వాత జనం తమ దుఃఖానికి పంచదార అద్దినదాన్నే ఎంచుకున్నారు. చౌరస్తాల్లో వేలమంది కలిసి 'గాడ్' పాడటాన్ని ఊహించలేం గనుక ఆ ఎంపికను తప్పుపట్టలేను.

చికిత్స సంగతి మాత్రం తేల్చాలి. జానోవ్ పద్ధతిని మానసిక వైద్యం నిరూపితమైనదిగా ఎన్నడూ అంగీకరించలేదు. ఆయన 2017లో చనిపోయేనాటికి అది ఒక కాలపు వింతగా మిగిలింది. అయినా ఈ ఆల్బమ్ గురించి రాసే ప్రతి వ్యాసంలో ఆయన పేరు మొదటి పేరాలో వస్తుంది, నా వ్యాసంలో రెండో పేరాలో వచ్చినట్టే. దీనిమీద నాకు అభ్యంతరం ఉంది. లెనన్ గొంతు చించుకోవడం జానోవ్ దగ్గర నేర్చుకోలేదు. 1963 ఫిబ్రవరి 11న, జలుబుతో, రోజంతా పాడిన గొంతుతో 'ట్విస్ట్ అండ్ షౌట్' రికార్డు చేసినప్పుడే అది ఉంది. జానోవ్ పుస్తకం రాకముందే, 1969 అక్టోబరులో వచ్చిన 'కోల్డ్ టర్కీ' చివర మత్తుమందు మానేటప్పటి నరకం అరుపులుగానే వినిపిస్తుంది. ఆ రెండింటికీ మధ్య అతని జీవితంలోకి వచ్చినది యోకో ఓనో. న్యూయార్క్‌లో 1960ల మొదటినుంచీ ప్రయోగాత్మక సంగీతకారుల మధ్య పనిచేస్తూ, గొంతును మాటలకు ముందున్న శబ్దంగా వాడటం నేర్చిన మనిషి ఆమె. ఇదే డిసెంబరు 11న, ఇంచుమించు ఇదే అట్టబొమ్మతో, ఒకే చెట్టుకింద దంపతుల స్థానాలు మాత్రం మార్చి, 'యోకో ఓనో/ప్లాస్టిక్ ఓనో బ్యాండ్' కూడా వచ్చింది. రింగో, ఫోర్మన్ అందులోనూ ఉన్నారు, గిటార్ లెనన్‌ది. దాన్ని అప్పుడు దాదాపు ఎవరూ కొనలేదు, కొన్నవాళ్లు ఎగతాళి చేశారు. అందులో మొదటి పాట 'వై'. ఆ ఒక్క ప్రశ్నను ఆమె గొంతు ఎన్ని విధాలుగా చీల్చుతుందో, లెనన్ గిటార్ ఆ గొంతును ఎలా వెంటాడుతుందో విని, వెంటనే 'మదర్' చివరి రెండు నిమిషాలు వినండి. లెనన్ ఆ గొంతును ఎవరి దగ్గర నేర్చుకున్నాడో చెప్పడానికి అప్పుడు జానోవ్ పుస్తకం తెరవాల్సిన పని ఉండదు.